సీటు వదలని పెళ్లికొడుకు

దారిలో ఆగిపోయిన బస్సులో కూర్చున్న ప్రయాణికుడి కంటే భద్రమైన మనిషి భూప్రపంచంలో మరొకడు లేడు. అతని బాగోగులన్నీ కంపెనీవే. యుద్ధం వచ్చి పెట్రోలు కరువై, బస్సులు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టుకుని నడుస్తున్న ఆ రోజుల్లో, పలనాటి జనం ఈ భద్రతను దాదాపు ప్రతి ప్రయాణంలోనూ అనుభవించేవారు.

అయితే అనుభవిస్తున్నట్టు వాళ్ళకు తెలియదు. తెలియజేసిన ఘనత ఆరోగ్యస్వామిది. వాళ్ళ వంశంలో అతను మొదటి బి.ఏ. (స్కూలు ఫైనలు ప్యాసైన మొదటివాడూ అతనే. పోటీకి ఎవరూ రాలేదు.)

ఆ మంగళవారం పొద్దున్నే అతను పెళ్లికొడుకై, తల్లి హన్నమ్మతో, చుట్టాలతో గురజాలలో బస్సెక్కాడు. రెంటచింతల చర్చిలో పెళ్లి. పిల్ల పేరు ఫిలోమినా. ఫాదరుగారు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పూజ చేయాలి గనుక, మధ్యాహ్నం గంట కొట్టేలోగా పెళ్లి అయిపోవాలి. మర్నాడు విభూది బుధవారం. అక్కడి నుంచి తపస్సుకాలం. మళ్ళీ ఈస్టరు, అంటే పాస్కా పండుగ దాకా పెళ్లిళ్ళు లేవు.

చర్చి గోపురం కంటికి ఆనే చోట, వాగు దాటగానే బస్సు ఆగిపోయింది. క్లీనరు పొయ్యిని ఊదాడు. డ్రైవరు క్లీనరును తిట్టాడు. ఈ రెండు వైద్యాలూ పనిచేయకపోవడంతో క్లీనరు ఎదురొచ్చిన బండెక్కి కంపెనీ ఏజెంటు కోసం గురజాల వెళ్ళాడు.

నడిస్తే చర్చి ఎంతో దూరం లేదు. జనం మూటలు సర్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు ఆరోగ్యస్వామి చూపు డ్రైవరు తలపైనున్న ఇంగ్లీషు రేకు బోర్డు మీద పడింది. దాన్ని అంతవరకు ఎవరూ చదవలేదు. (వేలాడదీసిన కంపెనీవారు సహా.) అతను లేచి, గొంతు సవరించుకుని తర్జుమా చేశాడు:

"మార్గమధ్యమున బండి ఆగినచో, ఆసనము విడువని ప్రయాణికుల యోగక్షేమములకు కంపెనీయే బాధ్యత వహించును. ఆసనము విడిచినవారు స్వేచ్ఛగా ప్రయాణము ముగించినట్లు భావింపబడుదురు."

బస్సంతా మళ్ళీ కూర్చుంది. ఒక్క వెంకట్రామయ్య అనే మిరపతోట రైతు మాత్రం, "నా కాళ్ళ బాధ్యత నాదేలే అబ్బాయ్," అని దిగి నడక సాగించాడు. చేజేతులా హక్కులు పారేసుకున్న ఆ మనిషి వీపు వైపు ఆరోగ్యస్వామి జాలిగా చూశాడు.

ఆ తర్వాత ధర్మసందేహాలు మొదలయ్యాయి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉంటే సీటు వదిలినట్టా? (సగం వదిలినట్టు.) ముసలాయన పొదచాటుకు పోవాలంటే? (ఓర్చుకోగలిగినంతవరకు హక్కు ఉంటుంది.) తీర్పు చెప్పిన ప్రతిసారీ హన్నమ్మ చుట్టాల వైపు గర్వంగా చూసింది. కొడుకు చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

చర్చిలో పెళ్లి పూజకు మొదటి గంట మోగింది. ఎంత స్పష్టంగా వినబడుతోందో అని అందరూ మెచ్చుకున్నారు. రెండో గంటకు ఎవరూ మెచ్చుకోలేదు. మూడో గంటకు హన్నమ్మ ఆగలేకపోయింది.

"ఒరేయ్ సామీ, సీట్ల మీద తువ్వాళ్ళు పరిచి పోదాం రా. తువ్వాలేసిన సీటు మందే గదా. ఎవుడు కాదంటాడు?"

పలనాటిలో అంతకు మించిన చట్టం లేదు. కానీ ఆరోగ్యస్వామి బోర్డును మరోసారి ఆసాంతం చదివి, బాధపడుతూనే తల అడ్డంగా ఊపాడు.

"తువ్వాలు మాట ఇందులో లేదమ్మా."

బి.ఏ. చదివినవాడి మాట తీసేయలేక హన్నమ్మ కూర్చుండిపోయింది. కాసేపటికి మధ్యాహ్నం గంట మోగింది. మోకరిస్తే సీటు వదలాల్సి వస్తుంది గనుక, పెళ్లివారంతా ఆ గంటకు చెప్పాల్సిన త్రికాల జపం కూర్చునే చెప్పుకున్నారు.

ఏజెంటు గోపాలకృష్ణయ్య తీరిగ్గా భోంచేసి జట్కాలో వచ్చాడు. బస్సు నిండా మనుషుల్ని చూసి నిర్ఘాంతపోయాడు. ఆరోగ్యస్వామి బోర్డు వైపు వేలు చూపి, కంపెనీ తన బాధ్యతను ఏ విధంగా నిర్వర్తించబోతోందో చెప్పమని మర్యాదగా అడిగాడు.

"దానికి మనుషులు కూర్చోవాలా అయ్యా?" అన్నాడు ఏజెంటు. "తువ్వాళ్ళు పరిచి పోతే సరిపోయేది గదా. మా కంపెనీ ఏనాడన్నా తువ్వాలును కాదందా?"

ఆపైన కంపెనీ తన బాధ్యతను పూర్తిగా నెరవేర్చింది. జట్కాలో తెచ్చిన తడి లేని బొగ్గు పోసి బస్సును కదిలించి, అదనపు చార్జీ అడగకుండా అందర్నీ రెంటచింతలలో దించింది.

అప్పటికి ఫాదరుగారు గంజి తాగి పడుకున్నారు. ఫిలోమినా పెళ్లిచీరతో చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. పెళ్లికొడుకు క్షేమంగా బస్సులో కూర్చున్నాడని వెంకట్రామయ్య ఎప్పుడో చెప్పిపోయాడు. మిగతాది, తువ్వాలు సంగతితో సహా, హన్నమ్మ ఏడుస్తూ చెప్పింది.

ఫిలోమినా అంతా విని లేచి నిలబడింది. పెళ్లికొడుకు వైపు చూడలేదు.

"పాస్కా అయినాక ఆయన్ను రావొద్దను అత్తా. తువ్వాలు పంపమను. అదన్నా సీటు వదిలి వస్తది."

ఆరోగ్యస్వామి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. బోర్డులో అందుకు అభ్యంతరమేమీ లేదు.