కాలవ గట్టు మీద ఎర్రగుడ్డ

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, కొని చూడమని చెప్పలేదు. ఏలూరులో ప్లీడరు గుమాస్తా సూర్రావుకు ఆ సంగతి తట్టలేదు. అద్దె ఇంటి యజమానురాలు వీరరాఘవమ్మ పొద్దెక్కగానే నూతి చేంతాడు చుట్టి గదిలో పెట్టి తాళం వేసేది. ఇక ఆ పూటకి నీళ్లు అంతే. సొంత నుయ్యి ఉన్న ఇల్లు కొనకపోతే పుట్టింటికి గణపవరం పోతానని భార్య రత్నం తెగేసి చెప్పింది.

తాడేపల్లిగూడెం బడికి బదిలీ అయిన యాకోబు మాస్టారు కాలవ గట్టున ఉన్న తన ఇల్లు అమ్ముతున్నారు. పెరట్లో నుయ్యి కూడా ఉంది. మరి కొనేముందు ఎవరికి చూపించాలి? సిద్ధాంతి వాస్తు చూస్తాడు, తాపీమేస్త్రి గోడలు చూస్తాడు. గట్టు తెగితే రెండూ కొట్టుకుపోతాయి కదా! సూర్రావు బుర్ర గోక్కుని గోక్కుని, కాలవల ఓవర్సీయరు సుబ్బరాజుని బతిమాలి ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు. తను మాత్రం వర్జ్యం వెళ్లేదాకా గడప దాటలేదు.

ఈలోగా సుబ్బరాజు ఖాకీ నిక్కరుతో మాస్టారి ఇంటి దగ్గర దిగాడు. మాస్టారు చర్చికి వెళ్లారు. గట్టు ఎత్తు చూడటానికి పెరట్లో ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాడు. పక్కింటివాళ్లు అది చూసి, కాలవ వెడల్పు చేస్తారట అన్నారు. సందు మొగకి వచ్చేసరికి పది ఇళ్లు పోతాయన్నారు, బజారుకు చేరేసరికి వీధంతా పోయింది. నింపాదిగా బయల్దేరిన సూర్రావుకు జనం మంచాలు, బిందెలు బళ్లకెత్తుతూ కనబడ్డారు. మొదటి జెండా మాస్టారి పెరట్లోనే పాతారని చెప్పారు. 

అంతలో సుబ్బరాజు ఎదురొచ్చి, "ఇల్లు రాయిలా ఉందండీ. కళ్లు మూసుకుని కొనుక్కోండి," అన్నాడు.

గవర్నమెంటు మనిషి కదా, గుట్టు పైకి చెప్పడు అనుకున్నాడు సూర్రావు. దణ్ణం పెట్టి, "నాకొద్దండీ బాబూ. అంత బాగుంటే మీరే కొనుక్కోండి," అన్నాడు.

సుబ్బరాజుకు ఏమీ అర్థం కాలేదు. నిజంగానే వద్దా అని మళ్లీ మళ్లీ అడిగి, మాస్టారు చర్చి నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాడు.

సూర్రావు ఇంటికొచ్చి జెండా సంగతి చెప్పి, పెద్ద గండం తప్పిందన్నాడు. రత్నం బియ్యం ఏరడం ఆపింది.

"ఏవండీ, ఆ ఓవర్సీయరు గారిని పిలిచింది మీరే కదండీ?"

 సూర్రావు కండువా కూడా మరిచి పరుగెత్తాడు. అప్పటికే సుబ్బరాజు బయానా ఇచ్చేశాడు.

మనిషి మంచివాడే. సూర్రావు మొహం చూడలేక వెనక వాటా అద్దెకిస్తానన్నాడు. పోనీలే, నుయ్యయినా దక్కిందని రత్నం సంబరంగా చేరింది. మర్నాడు బిందె పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి, సుబ్బరాజు భార్య చేంతాడు చుట్టి గదిలో పెట్టి తాళం వేస్తోంది.

తాళం మాత్రం కొత్తది.