నొప్పి ఏ సర్వే నంబర్ల ఉన్నది?

నొప్పి ఎక్కడుందో రోగికి తెలుస్తుంది. ఎందుకుందో డాక్టరుకు తెలుస్తుంది. అసలు ఉందో లేదో తేల్చే అధికారం మాత్రం కార్యాలయానిదే. ఈ సంగతి తెలియని కాలంలో మనుషులు ఊరికే మూలుగుతూ బతికారు.

వికారాబాద్‌లో ఔషధ గంజాయి అభిప్రాయ సేకరణ ఉపసంఘం ఏర్పడ్డాక ఆ కాలం ముగిసింది. గంజాయిని వైద్యానికి అనుమతించాలా వద్దా అనే చర్చ పైన ఎక్కడో నడుస్తోంది. పైన నడిచే చర్చకు కింది నుంచి అభిప్రాయాలు కావాలి. అందుకోసం ఒక గది, ఒక కన్వీనరు, ఒక కంప్యూటరు, 'నిశ్శబ్దం పాటించండి' అనే బోర్డు మంజూరయ్యాయి. (నిశ్శబ్దం పాటిస్తూ అభిప్రాయం ఎలా చెప్పాలో బోర్డు మీద లేదు.) గడువు నలభై అయిదు రోజులు. ఇప్పుడు పదమూడో నెల నడుస్తోంది.

కన్వీనరు ప్రేమ్‌సాగర్ గారు ఇంతవరకు ఒక్క తప్పూ చేయని మనిషి. తప్పు జరగకుండా ఉండాలంటే ఏదీ జరగకుండా చూసుకోవాలని ఆయన ఇరవై ఏళ్ల సర్వీసులో గ్రహించారు. ఆయన దగ్గర టైపు పనికి అజమత్ ఉన్నాడు. కోట్‌పల్లి దగ్గర పది గుంటల కంది చేను, ముక్కు మీద జారే కళ్లద్దాలు, అడిగిన వాళ్లకు లేదనలేని బలహీనత అతని ఆస్తులు.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. 'గంజాయి మందుగా పనికొస్తుందా అని ప్రజలను వారి భాషలోనే అడగాలి' అని పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది. ఆ మందు ఏ శాఖది?

"మందు అంటే మాది. ఏ దుకాణం ముందు నిలబడి ఎవరినైనా అడగండి" అన్నారు ఆబ్కారీ అధికారి.

"పంటకు కొట్టేదీ మందే. పైగా ఇది మొక్క. మాది" అన్నారు వ్యవసాయాధికారి.

"రోగికి ఇచ్చేదాన్ని కదా మందు అంటారు?" అన్నారు ఆరోగ్య శాఖ నుంచి వచ్చినాయన, కాస్త అనుమానంగానే.

"దాన్ని గోలీ అంటరు సార్" అన్నాడు అజమత్. "మా దిక్కు ఎవ్వరూ మందు అనరు. పొద్దుగాల ఒకటి, మాపున ఒకటి గోలీ ఏస్కో అంటరు."

ప్రజల భాషకు కట్టుబడాల్సిందే కాబట్టి ఆరోగ్య శాఖను చర్చ నుంచి మర్యాదగా తప్పించారు. మిగిలిన రెండు శాఖల మధ్య తేల్చడానికి ఊళ్లలో సర్వే చేశారు. దోమ మండలంలో ఆడవాళ్లు, "ఉన్న మందుతోనే సంసారాలు ఆగమైనయి, ఇంకో మందు తెస్తరా? సిగ్గు లేదా మీకు?" అని అడిగారు. దీన్ని 'ఆబ్కారీ శాఖ పట్ల అసంతృప్తి' అని నమోదు చేశారు. నవాబుపేటలో రైతులు, "ఎకరానికి ఎన్ని డబ్బాలు వడ్తది? పురుగు చస్తదా?" అని అడిగారు. దీన్ని 'విశేష ప్రజాస్పందన' అని నమోదు చేశారు. మెజారిటీ ప్రకారం ఫైలు వ్యవసాయ విభాగానికి చేరింది. ఆ విభాగం వెబ్‌సైటులోనే రోగుల దరఖాస్తులూ పెట్టాలని తీర్మానించారు.

ఆ దరఖాస్తు పెట్టడానికి వచ్చిన ఏకైక రోగి తాండూరు నర్సప్ప.

నర్సప్ప ముప్పై ఏళ్లు బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేశాడు. ఇప్పుడు ఎముకల్లో క్యాన్సర్. వాడుతున్న గోలీలకు నొప్పి తగ్గడం మానేసింది, వాంతులు మాత్రం తగ్గకుండా అవుతున్నాయి. అనుమతి వస్తే మొదటి విడత ఔషధం అర్జీ పెట్టినవాళ్లకే ఇస్తారని పప్పు మిల్లులో ఎవరో చెబితే, అక్కడ పనిచేసే కూతురు మహేశ్వరి సెలవు పెట్టి పొద్దటి రైల్లో తీసుకొచ్చింది. కూర్చోలేడు కాబట్టి దారి పొడుగునా నిలబడే వచ్చాడు.

"ఏం కావాలె పెద్దమనిషీ?" అని అడిగారు ప్రేమ్‌సాగర్ గారు.

"ఒక్క జొన్నరొట్టె తినాలె సార్. తిన్నది కడుపుల నిలవాలె. గంతే."

రొట్టెకు కాలమ్ లేదు. అజమత్ తొమ్మిదో ప్రశ్నకు వెళ్లాడు. "ఇంతకుముందు గంజాయి వాడినవా నర్సన్నా?"

"వాడిన అంటే?"

"కేసు అయితది."

"వాడలే అంటే?"

"అనుభవం లేనోని అభిప్రాయం చెల్లదు."

నర్సప్ప బల్ల అంచు పట్టుకుని ఆలోచించాడు. "మరి మీ సార్ వాడిండా?"

ప్రేమ్‌సాగర్ గారు దగ్గారు. ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేయవచ్చని అప్పటికప్పుడు ఒక వెసులుబాటు కల్పించారు. (ఉపసంఘం చరిత్రలో ఇదొక్కటే వెసులుబాటు.)

పదో ప్రశ్న దగ్గర కంప్యూటరు ఆగింది. వ్యవసాయ విభాగం వెబ్‌సైటు కదా, మందు ఏ పొలానికో చెబితే గానీ ముందుకు కదలదు.

"నీ నొప్పి ఏ సర్వే నంబర్ల ఉన్నది?"

"నడుముల ఉన్నది."

అజమత్ 'నడుము' అని కొట్టాడు. ఆ పేరుతో రెవెన్యూ గ్రామం లేదని వచ్చింది.

"మాకు భూమి లేదు చాచా" అంది మహేశ్వరి. "ఎన్నడూ లేదు."

"భూమి లేకుంట నొప్పి ఎట్ల ఎక్కిస్తనమ్మా? ఇది తీస్కుంటలేదు." అజమత్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. నర్సప్ప గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. అజమత్ ఒకసారి కన్వీనరు కుర్చీ వైపు చూసి, గొంతు తగ్గించి, "ఫికర్ చేయకు. నా పది గుంటలు రాస్త" అన్నాడు.

ఆ విధంగా తాండూరు మనిషి నొప్పి కోట్‌పల్లి మండలంలో నమోదైంది. మహేశ్వరి ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది: 'మీ నొప్పి స్వీకరించబడింది.' తండ్రీకూతుళ్లు చాలాకాలం తర్వాత నవ్వుకున్నారు.

మూడు వారాలకు క్షేత్ర పరిశీలకుడు మొగులప్ప ఆ చేనుకు వెళ్లి, నాలుగు మూలలా ఫోటోలు తీసి, నివేదిక పంపాడు: 'పొలంలో నొప్పి కనబడలేదు. కంది బాగుంది.'

తిరస్కరణపై పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు చేసినవారు నిర్ణీత తేదీన నొప్పిని పొలంలో హాజరుపరచాలి. మహేశ్వరి మళ్లీ సెలవు పెట్టింది. ఆటో వెనక సీటులో దుప్పటి పరిచి నర్సప్పను పడుకోబెట్టి తీసుకొచ్చింది. అజమత్, తను కలిసి మోసుకెళ్లి గట్టు మీద పడుకోబెట్టారు. చేను పూత మీద ఉంది. మొగులప్ప ఫోను తెరిచి, అక్షాంశం, రేఖాంశం సరిచూసుకుని, వంగి అడిగాడు.

"నొప్పి ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా."

"ఎంత ఉన్నది?"

నర్సప్ప కళ్లు మూసుకుని పూర్తిగా లెక్క చూసుకున్నాడు. "ఎకరంన్నర ఉంటది."

"నాయినా, జర మంచిగ చెప్పు" అంది మహేశ్వరి, నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక.

"ఉన్నదే చెప్తున్న బిడ్డా. తక్కువ జెప్తె తక్కువ ఇస్తరు."

మొగులప్ప నిజాయితీపరుడు. చెప్పింది చెప్పినట్టే ఎక్కించాడు. పది గుంటల చేనులో ఎకరంన్నర నొప్పి ఎలా పట్టిందని వెబ్‌సైటు నిలదీసింది. హద్దు దాటిన నొప్పి పక్క రైతు పొలంలోకి వెళ్లి ఉండాలి కాబట్టి, ఆయన నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలని కోరింది. పక్క రైతు బాలప్ప మంచివాడే. కానీ, "ఇయ్యాల నొప్పి అంటరు, రేపు గెట్టు జరుపుతరు" అని సంతకం పెట్టలేదు. ఫైలును సంయుక్త కొలతకు పంపారు.

కొలత తేదీకి ఆరు రోజుల ముందు నర్సప్ప చనిపోయాడు.

మెసేజులు మాత్రం ఆగలేదు. 'మీ నొప్పి పరిశీలనలో ఉంది' అని మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి వచ్చేవి. దశదినాల నాడు కూడా వచ్చింది. ఫోను మోగినప్పుడల్లా మహేశ్వరి మిల్లులో చాట కింద పెట్టి చూసుకునేది. చివరికి ఆమె ఒక్కతే వికారాబాద్ వచ్చి, అజమత్ బల్ల ముందు నిలబడింది.

"నాయిన పోయిండు చాచా. గీ మెసేజులు బంద్ చెయ్యి."

అజమత్ అర్జీ ఉపసంహరణ పేజీ తెరిచాడు. కారణం ఎంచుకోమంది. మొత్తం మూడే ఉన్నాయి.

"చనిపోయిండు అని లేదమ్మా."

"ఏమున్నయి?"

"భూమి అమ్మినం. పొరపాటున అర్జీ పెట్టినం. నొప్పి తగ్గింది."

"అమ్మెతందుకు మాకు భూమి లేదు. మేం పొరపాటున పెట్టలే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మూడోది నొక్కు చాచా. అది అబద్ధమైతే కాదు."

అజమత్ నొక్కాడు.

ఉపసంఘం నివేదిక ఈ నెలలో పైకి వెళ్లింది. నలభై రెండు పేజీలు, రంగుల బొమ్మలు, కంది పూత ఫోటో నాలుగు వైపుల నుంచి. 'రోగుల అభిప్రాయం' అనే అధ్యాయం మాత్రం చిన్నది. అందులో ఒకే వాక్యం ఉంది: 'అర్జీ పెట్టిన రోగులలో నూటికి నూరు శాతం మందికి గంజాయి అవసరం లేకుండానే నొప్పి పూర్తిగా తగ్గింది.'