కూర్చున్న మనిషి

మాణిక్యాంబ గారి రక్తంలో ఉండకూడని ప్రోటీన్ ఒకటి ఉన్నట్టు రిపోర్టు వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఆ ప్రోటీన్ నీలం చొక్కా వేసుకుని వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. వయసు మళ్లినవాళ్ల ఇళ్లల్లో అప్పుడప్పుడూ జరిగేదే కాబట్టి రాజమండ్రిలో ఆ వీధివాళ్లెవరూ తొంగి చూడలేదు.

ఆవిడ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఏదో మామూలు పరీక్షకని రక్తమిస్తే ఇతను బయటపడ్డాడు. భర్త పేర్రాజు గారు ముందు మర్యాదగా, తర్వాత గట్టిగా వెళ్లిపొమ్మన్నారు.

"ఇక్కడే ఉండమన్నారండి," అన్నాడతను.

"ఎవరు?"

"అది చెప్పలేదండి."

ఇద్దరూ ఆటో ఎక్కి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు.

"కూర్చున్నాడా?" అని అడిగింది డాక్టరమ్మ.

"కూర్చున్నాడండి."

"మంచిదే. కూర్చున్నవాడికి మందు లేదు. లేచాడంటే కేన్సరు. అప్పుడు మందు మొదలెడతాం."

"లేవకముందే తరిమెయ్యొచ్చు కదమ్మా?" అన్నారు పేర్రాజు గారు.

"ఊరికే కూర్చున్నవాడి మీదికి అంత మందు వదిలితే దెబ్బ తినేది ఆవిడే. చాలా ఇళ్లల్లో చివరిదాకా లేవడండీ."

"మా ఇంట్లో?" అన్నారు మాణిక్యాంబ గారు.

డాక్టరమ్మ రిపోర్టు మరోసారి తిరగేసింది. "ఆర్నెల్లకోసారి వచ్చి రక్తమివ్వండి. ఎముకల్లో నొప్పి, నీరసం అనిపిస్తే ముందే రండి. ఈలోగా మామూలుగా ఉండండి."

మామూలుగా ఉండడానికి చాలా మార్పులు చెయ్యాల్సొచ్చింది. బడి మొత్తాన్ని ఒక్క ఈలతో లేపి నిలబెట్టిన మనిషి, ఇప్పుడు ఈల వినబడితే అతను లేస్తాడేమోనని హడలిపోతోంది. కుక్కరు అటకెక్కింది, అన్నం గిన్నెలో వండుతున్నారు. నడుము కాస్త పట్టేసినా ఆవిడ చెయ్యి నడుం మీదికి పోదు, చూపు హాల్లోకి పోతుంది. పక్కవీధి భాస్కరం గారింట్లో ఇంటిల్లిపాదీ టీవీ చూస్తుండగా వెనకాల వాళ్ల కుర్చీలో ఉన్నవాడు లేచి నిలబడ్డాడనీ, ఎవరూ గమనించలేదనీ తెలిశాక, వీళ్లు టీవీ తీసి అతని పక్కనే పెట్టుకున్నారు.

ఓ మధ్యాహ్నం పేర్రాజు గారు కునుకు తీస్తుంటే, ఆవిడ అతని ఎదురుగా పీట వాల్చుకున్నారు.

"బాబూ, నిజం చెప్పు. లేస్తావా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "లేచాకగానీ నాకూ తెలీదండి," అన్నాడు.

ఆ జవాబులో మోసమేమీ లేదు. అందుకే ఆవిడ పీట మీంచి లేచారు. లోపలికెళ్లి మెత్తటి దిండు తెచ్చి అతని వీపు వెనక సర్దారు. ఫ్యాను అతనివైపు తిప్పారు.

ఆర్నెల్ల రిపోర్టులో మార్పేమీ లేదు. "చాలా బావుంది, మళ్లీ ఆర్నెల్లకి రండి," అంది డాక్టరమ్మ. పేర్రాజు గారు కాజాలు కొన్నారు. మొదటి కాజా అతనికే పెట్టారు, నొచ్చుకుంటాడేమోనని.

ఆ ఆదివారం మేనకోడలు చూడ్డానికొచ్చింది.

"ఎలా ఉన్నావత్తా?"

"కూర్చునే ఉన్నాడమ్మా," అన్నారు మాణిక్యాంబ గారు.

"హమ్మయ్య," అని మేనకోడలు చీర కుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుని, అతని మోకాళ్లకి తగలకుండా జాగ్రత్తగా లోపలికి నడిచింది.