పడవవాడి దగ్గర ఆగిపోయిన ఆట

బుధవారం నిషివాకి లాండ్రీకి సెలవు. మిగతా ఆరు రోజులూ ఇస్త్రీ ఆవిరిలో ఉడికే తకుజో నిషివాకికి అరవై రెండేళ్లు. జపాన్‌లోని అమగాసాకి ఊరి బజారు వీధిలో అతనికంటే ఆత్రంగా బుధవారం కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. ఈ బుధవారానికైతే ప్రత్యేకంగా ఒక పథకం ఉంది. భార్య మిత్సుయే చెల్లెలింటికి వెళ్లగానే, అలమరాలోంచి పాత గేమ్ మిషన్ తీసి, 'వాన గంటలు' మొదటి నుంచి చివరిదాకా ఆడాలి.

అది ముప్పై ఏళ్ల కిందటి వీడియో గేమ్. ఎవరో ఎత్తుకుపోయిన వానను వెతుక్కుంటూ ఒక పిల్ల ఊరూరా తిరుగుతుంది. ఆ ఊళ్లలో ఎదురయ్యే నాలుగు వందల మంది మాట్లాడే ప్రతి మాటా తకుజో రాసిందే. ఆట విడుదలైన ఏడాదికే కంపెనీ మూతపడింది. హక్కులు టోక్యోలోని ఒక పెద్ద సంస్థకి పోయాయి, తకుజో మామగారి లాండ్రీకి వచ్చిపడ్డాడు. చిత్రమేమిటంటే, ఆ ఆటను తను మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా ఆడలేదు.

"ఫ్రిజ్‌లో నిన్నటి కూర ఉంది. వేడి చేసుకోవడం వచ్చు కదా?" అంది మిత్సుయే బూట్లు తొడుక్కుంటూ.

"ముప్పై ఏళ్లుగా జనం చొక్కాలు వేడి చేస్తున్నాను."

"అందుకే అడిగింది" అని ఆవిడ వెళ్లిపోయింది.

పదిన్నరకల్లా తకుజో ఒక రేవు దగ్గర ఇరుక్కుపోయాడు. పడవవాడు నది దాటించడు. ఎన్నిసార్లు పలకరించినా "తొందరున్నవాళ్లకి నా పడవ నెమ్మది" అంటాడు. ఆ మాట రాసింది తకుజోయే. రాసినవాడికే దాని అర్థం తెలియలేదు. ఇక లాభంలేదని, అప్పట్లో ఆ ఆటకి ప్రోగ్రాం రాసిన ఒగాతాకి ఫోన్ చేశాడు. ఇద్దరూ మాట్లాడుకుని పదకొండేళ్లయింది.

"ఒగాతా, నేను నిషివాకిని. వాన గంటలు మళ్లీ మొదలుపెట్టాను. పడవవాడి దగ్గర ఆగిపోయింది. నువ్వు లేకపోతే కదిలేలా లేదు."

"నన్ను... గుర్తుపెట్టుకున్నావా?" అన్నాడు అవతలి నుంచి ఒగాతా.

ఈలోగా షాపు షట్టరు దబదబా మోగింది. ఎదురుగా టకోయాకి అనే ఆక్టోపస్ బోండాల కొట్టు నడిపే కితావో. అంత్యక్రియలకి వెళ్లాలట, నల్ల సూటు ఇప్పుడే కావాలట. "మళ్లీ మాట్లాడతా" అని తకుజో ఫోన్ పెట్టేశాడు.

కోబేలో ఒక అపార్ట్‌మెంటుకి కేర్‌టేకర్‌గా ఉన్న ఒగాతా కళ్లు తుడుచుకుని, మేనేజరుకి ఫోన్ చేసి, "రేపటి నుంచి మీ చెత్త మీరే వేరు చేసుకోండి" అన్నాడు. తర్వాత ఆట మళ్లీ తయారవుతోందని చిజురుకి చెప్పాడు. ఆటకి సంగీతం కట్టిన చిజురు ఇప్పుడు పిల్లలకి పియానో నేర్పుతోంది. ఆవిడ ఆ రోజు క్లాసులన్నీ రద్దుచేసి, కారణం తల్లులకి చెప్పింది. ఆ తల్లుల్లో ఒకావిడ చిన్నప్పుడు ఆ ఆట ఆడి ఏడ్చిన మనిషి. 'వాన గంటలు కొత్తగా తయారవుతోంది. పాతవాళ్లంతా అమగాసాకిలో నిషివాకి లాండ్రీలో కలుస్తున్నారు' అని ఆవిడ ఇంటర్నెట్‌లో పెట్టేసింది.

పన్నెండున్నరకి ఒగాతా, చిజురు ఒకే రైల్లో వచ్చి దిగారు. ఒగాతా సంచి నిండా కాగితాలు.

"ఈసారి ఆటలో యుద్ధాలు తగ్గిద్దాం. అప్పుడు నువ్వన్నమాటే నిజం, నేనే మొండికేశాను" అన్నాడు గుమ్మంలోనే.

"అది కాదు ఒగాతా, నేనేమన్నానంటే..."

"నువ్వేమీ అనక్కర్లేదు. పిలిచావు, అది చాలు."

అంత సంతోషంగా ఉన్న మనిషికి నిజం చెప్పడానికి తకుజోకి నోరు రాలేదు. టీ తాగాక చెబుదామనుకున్నాడు. టీ అయ్యేసరికి బయట వరస మొదలైంది. ఆఫీసులకి సెలవు పెట్టి వచ్చిన నలభై ఏళ్లవాళ్లు ఆ ఆట పాత క్యాసెట్లు గుండెకి హత్తుకుని, గోడవారగా, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డారు. వరసలో మొదటిదైన ఒక నర్సు లోపలికి తొంగిచూసి టీవీ వైపు చెయ్యి చూపింది.

"పడవవాడిని పలకరించకూడదండీ. పక్కన ఊరికే నిలబడితే ఆయనే పిలుస్తాడు."

తకుజో నోరు తెరిచాడు. నర్సు తలవంచి, మెల్లగా అంది: "కొండమీది ఊళ్లో ముసలమ్మ ఉంటుంది కదా. 'తడిసినవాళ్లు ముందు లోపలికి రండి, పేరు తర్వాత చెప్పొచ్చు' అంటుంది. నేను ఇల్లు వదిలి వచ్చేసిన ఏడాది ఆ మాట వినడానికే రోజూ ఆ ఊరికి వెళ్లేదాన్ని. అది రాసింది మీరేనా?"

తకుజో అవునన్నట్టు తలూపి, క్యాసెట్ మీద సంతకం పెట్టాడు. ఆ సంతకం మరీ వంకరగా వచ్చింది.

మూడింటికి మిత్సుయే తిరిగొచ్చింది. తమ షాపు ముందు వీధి పొడుగునా జనం. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. అంత్యక్రియల నుంచి అప్పుడే వచ్చిన కితావో, ఆ నల్ల సూటులోనే గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని సర్దుతున్నాడు. ఆవిడ చేతిలో సంచి జారిపోయింది.

"ఎప్పుడు పోయారు?"

"పోవడమేమిటి వదినా? ఇంకా వస్తూనే ఉన్నారు" అన్నాడు కితావో.

మిత్సుయే జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లేసరికి, మొగుడు నిక్షేపంగా సంతకాలు పెడుతున్నాడు. సంగతి విని ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "ఒగాతా గారికి నిజం తెలుసా?"

తెలియదని అతని మొహమే చెప్పింది. ఇంక దాచలేక తకుజో గుమ్మంలో స్టూలెక్కి, నడుము పూర్తిగా వంచాడు. "క్షమించండి. కొత్త ఆట ఏదీ లేదు. ఇంట్లో ఊరికే ఆడుకుందామని మొదలుపెట్టాను. అంతే."

ఒగాతా కాగితాలు నెమ్మదిగా సంచిలో సర్దుకున్నాడు. "మా మేనేజరుతో చెత్త గురించి అలా అనాల్సింది కాదు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. టోక్యో నుంచి, హక్కులున్న సంస్థలో పనిచేసే ఉకాయ్ అనే మనిషి. తకుజో ఫోన్‌కే వంగి వంగి క్షమాపణలు చెప్పాడు.

"అయ్యో, వంగకండి" అన్నాడు ఉకాయ్, చూసినట్టే. "ఆ ఆట మళ్లీ చేద్దామని నేను మూడుసార్లు రాసిచ్చాను. ఎవరికి గుర్తుందయ్యా అని మా డైరెక్టరు మూడుసార్లూ తిప్పికొట్టారు. ఇవాళ మధ్యాహ్నం నుంచి ఆయనే కూర్చుని అభిమానుల ఫోన్లు ఎత్తుతున్నారు. దయచేసి సాయంత్రందాకా నిజం ఎవరికీ చెప్పకండి!"

"చెప్పేశాను."

"ఎంతమందికి?"

తకుజో బయటికి చూశాడు. "వీధికి."

ఉకాయ్ నిట్టూర్పు స్పీకరులో అందరికీ వినిపించింది. అప్పుడు నర్సు ముందుకొచ్చింది. "లేకపోతే లేదు. కావాలని అడగడానికి అబద్ధం ఎందుకండీ? ఆ నంబరు ఇవ్వండి." అంతే, వరస చెదరకుండా, ఒకరి తర్వాత ఒకరు, వంతులవారీగా టోక్యోకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. కితావో వేడివేడి టకోయాకి పంచిపెట్టాడు. మిత్సుయే ఒగాతా చేతిలోంచి సంచి లాక్కుని కౌంటరు కింద పెట్టింది.

"రేపు ఎనిమిదింటికి రండి. మడతలు నేర్చుకుందురుగాని."

రెండు నెలలు ఒగాతా చొక్కాలు మడతపెట్టాడు, పరమ ఘోరంగా. మూడో నెలలో టోక్యో నుంచి ఉత్తరం వచ్చింది. ఆట మళ్లీ తయారవుతుంది. సలహాదారుగా ఒగాతా రావాలి. సంగీతం చిజురు కొత్తగా కట్టాలి. నిషివాకి గారి సంభాషణలు మాత్రం అపురూపం కనుక, వాటిలో ఒక్క అక్షరం కూడా మార్చేది లేదు.

తకుజో ఆ ముక్కను రెండోసారి చదివి వినిపించాడు. మిత్సుయే కళ్లు ఒత్తుకుంది.

"అయితే మీకు పనేమీ లేదన్నమాట" అని, హోటలువాళ్ల దుప్పట్ల మూట అతని ముందుకి తోసింది.