గుట్టకు ఇవతలి ఊరు

ఆ రోజు ప్రిన్సిపాల్ గారి ఇంట్లో ఉన్నవాళ్లు: ప్రిన్సిపాల్ డాక్టర్ హాలోవెల్ గారు, విద్యామంత్రి గారు, పద్దెనిమిదేళ్లుగా కాలేజీ చరిత్ర రాస్తూ ఇంకా పునాదుల దగ్గరే ఉన్న మిస్ ప్రౌట్ గారు, వేయించిన బాతు ఒకటి, నేను. బల్ల దగ్గర కూర్చోబెట్టింది కూడా ఈ వరసలోనే.

"ఈ సెయింట్ వల్స్టన్ కాలేజీ పేదపిల్లల కోసం పుట్టింది!" అని ప్రిన్సిపాల్ గారు గ్లాసెత్తి ప్రకటించారు. "మా స్థాపకుడు బిషప్ వాల్టర్‌ది లిటిల్ మార్డన్. ఏటా ఈ రోజున ఆ ఊరి బిడ్డ మాకు రొట్టె తెచ్చిస్తుంది. ఆరువందల నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు."

ఈ ఏటి బిడ్డను నేను. బస్సులో దాని మీదే కూర్చోవడంతో రొట్టె చదునైపోయింది.

"అచ్చం ఆ కాలపు ఆకారమే!" అని మిస్ ప్రౌట్ గారు మురిసిపోయారు.

నేను వచ్చింది నిజానికి సీటు అడగడానికి. మా ఊరి బడి నుంచి ఇక్కడికి దరఖాస్తు పెట్టిన మొదటిదాన్ని నేనేనట. ఎలా అడగాలో డైరీలో పదకొండు రకాలుగా రాసుకున్నాను. తీరా వచ్చాక నా నోట పెగిలింది ఒక్క "థాంక్యూ". అదీ కోట్లు తగిలించే స్టాండుకి చెప్పాను.

లాటిన్‌లో ఉన్న స్థాపన పత్రం వినాలని ఉందన్నారు మంత్రిగారు. వెంటనే ప్రిన్సిపాల్ గారికి కళ్లజోడు కనిపించలేదు. అది ముక్కు మీదే ఉంది. మిస్ ప్రౌట్ గారికి గొంతు పోయింది.

"అమ్మాయ్, నీకు లాటిన్ వచ్చా?" అని మంత్రిగారు నావైపు తిరిగారు.

మా చర్చి ఫాదర్ గారు నేర్పారు. చదివాను. మంత్రిగారు అర్థం కూడా చెప్పమన్నారు.

"లిటిల్ మార్డన్ బిడ్డ ఎవరైనా ఈ పత్రాన్ని ఈ ఇంట్లో తప్పు లేకుండా చదివితే, ఆ రోజే ఆ బిడ్డకు కాలేజీలో చోటివ్వాలి."

మంత్రిగారి ఫోర్కు గాల్లో ఆగింది.

"తప్పు చదివింది కదూ?" ప్రిన్సిపాల్ గారు ఆశగా అడిగారు.

"లేదండీ." మిస్ ప్రౌట్ గారికి గొంతు తిరిగొచ్చింది. "నేనే ఇన్నాళ్లూ మూడుచోట్ల తప్పు చదివాను."

"ఇంకేం, ఇచ్చేయండి!" అని మంత్రిగారు చప్పట్లు కొట్టారు. నా చెవులు వేడెక్కాయి.

"తప్పకుండా. కమిటీ వేస్తాం."

వేశారు. ప్రిన్సిపాల్ గారూ, మిస్ ప్రౌట్ గారూ కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డారు. పుడ్డింగు వచ్చేలోపు తేల్చేశారు. కాలేజీ పుట్టాక వచ్చిన ప్లేగు తరవాత మా ఊరు గుట్ట అవతల నుంచి ఇవతలికి మారిందట. బిషప్ గారు రాసింది అవతలి ఊరి గురించి. అక్కడిప్పుడు గొర్రెలున్నాయి.

"అంటే గొర్రె వచ్చి చదివితే సీటిస్తారా?"

"నిబంధన నిబంధనే కదండీ, మంత్రిగారూ."

"భేష్! సమానత్వమంటే ఇదీ!" అన్నారు మంత్రిగారు, పుడ్డింగు దగ్గరికి లాక్కుంటూ.

నన్ను ప్రిన్సిపాల్ గారే గుమ్మం దాకా సాగనంపారు. ఆ మర్యాదకి ధైర్యం వచ్చి, డైరీలో లేని పన్నెండో రకంగా అడిగేశాను: "సర్, అయితే నేను లిటిల్ మార్డన్‌దాన్ని కానా?"

"చరిత్ర ఒప్పుకోదమ్మా," అన్నారు జాలిగా. "రేపు పేపర్లో నీ ఫోటో కింద మాత్రం లిటిల్ మార్డన్ బిడ్డ అనే వేయిస్తాం. అది ప్రచార విభాగం పని. చరిత్రతో వాళ్లకు సంబంధం లేదు."

"మరి నా దరఖాస్తు, సర్..."

"మెట్టు జాగ్రత్త, అమ్మాయ్," అని తలుపు వేసేశారు.