ప్రారంభోత్సవానికి ముందే జబ్బుపడిన పిల్ల

కొండమీది గూడెంలో రోగాలన్నిటికీ మూలకారణం అక్కడి జనం చేతులు కడుక్కోకపోవడమేనని పరిశోధనలో తేలింది. పరిశోధన పట్నంలోని చల్లని గదిలో జరిగింది కాబట్టి దానిమీద దుమ్ము పడే అవకాశమే లేదు. పైనున్న క్వారీ వదిలే మురుగు వాగులో కలుస్తోందనీ, తాగడానికి తమకు ఆ వాగే గతి అనీ గూడెంవాళ్ళు మొరపెట్టుకున్న మాట నిజమే. అయితే క్వారీ వేరే శాఖ కిందికి వస్తుంది. పక్కశాఖ పనుల్లో పరిశుభ్రత శాఖ వేలు పెట్టదు. పెడితే మళ్ళీ కడుక్కోవాలి.

అందుచేత గూడెంలోనే హస్త పరిశుభ్రతా మహోత్సవం జరపాలని నిర్ణయించారు. భారమంతా పరిశుభ్రతాధికారి నెత్తిన పడింది. గూడెంవాళ్ళు ఆయన్ని సబ్బుదొర అంటారు. వచ్చినప్పుడల్లా సబ్బులు పంచుతాడు, నీళ్ళ మాటెత్తగానే జీపెక్కుతాడు. ఆయన టెంటు వేయించాడు, కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగించాడు. కొత్త అంబులెన్సును తెప్పించి, దాని ముందు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టించాడు. రిబ్బను కత్తిరించవలసిన మంత్రివర్యులు కొండ కింద భోజనం చేస్తున్నారు. వంట బాగా కుదిరిందని కబురు.

సరిగ్గా ఆ వేళకే, క్రమశిక్షణ లేని ఒక పసిపిల్లకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తోంది గానీ చుక్క కన్నీరు రావడం లేదు. తల్లి పిల్లను భుజాన వేసుకుని టెంటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. వెనకే ఆమె అత్త, నేరుగా చేలోంచే వచ్చినట్టుంది, చేతిలో కొడవలి అలాగే ఉంది.

అంబులెన్సు పక్కన నిలబడ్డ డాక్టరు పిల్ల పొట్టమీది చర్మం పట్టి వదిలాడు. మడత అలాగే నిలిచిపోయింది.

"సార్, వెంటనే సెలైన్ ఎక్కించాలి. కింద ఆసుపత్రికి తీసుకెళ్దాం."

"బండి నిండా మందులు పెట్టించాను కదయ్యా!" అన్నాడు సబ్బుదొర.

"అవి ప్రదర్శనకు పెట్టిన ఖాళీ పెట్టెలు సార్."

"అయితే మంత్రిగారిని రానీండి. ప్రారంభం కాని బండి బండి కింద లెక్కకు రాదు డాక్టరుగారూ."

"మీ జీపో?"

"మంత్రిగారికి ఎదురెళ్ళింది."

తల్లి ఆయన కాళ్ళమీద పడింది. "అయ్యా, పిల్ల చల్లబడిపోతోందయ్యా!"

సబ్బుదొర జాలిగా వంగి అడిగాడు: "పిల్లను ఎత్తుకునే ముందు చేతులు కడుక్కున్నావా తల్లీ?"

"నీళ్ళేవి బాబూ?"

"విన్నారా!" అంటూ ఆయన మైకు అందుకున్నాడు. మహానుభావులకు సందర్భం దొరికితే చాలు. "సోదర సోదరీమణులారా! అజ్ఞానమే అసలు రోగం! ఆ పిల్లే మనకు గుణపాఠం. మనసులో శ్రద్ధ ఉంటే నీళ్ళు ఒక అడ్డంకి కాదు. అందరూ నాతోపాటు రుద్దండి! ముందు అరచేతులు, తర్వాత వేళ్ళ సందులు..."

గూడెమంతా ఉత్త చేతులు రుద్దసాగింది.

అత్త మాత్రం రుద్దలేదు. నేరుగా బండి ముందుకు వెళ్ళి, కొడవలితో రిబ్బను తెగ్గోసింది. రిబ్బను తెగగానే చప్పట్లు కొట్టాలని ముందే నేర్పించి ఉండటంవల్ల జనం కొట్టారు.

"ఎంత పని చేశావే అవ్వా!" అన్నాడు డ్రైవరు.

"తెగింది కదా. ఇంక కదులు నాయనా."

డ్రైవరు రిబ్బను వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. డాక్టరు అప్పటికే తల్లినీ పిల్లనూ లోపలికి ఎక్కిస్తున్నాడు. "రిబ్బను తెగాక నడపమనే కదా నాకు చెప్పారు," అని డ్రైవరు తాళం తిప్పాడు.

కొండమలుపులో మంత్రివర్యుల కారు వెనక్కి జరిగి దారివ్వవలసి వచ్చింది. సైరన్ విని ఆయన చిరునవ్వుతో చెయ్యి ఊపారు. స్వాగతం అనుకున్నారు.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కింది. పొద్దు వాలేసరికి పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఈసారి బుగ్గలమీద కన్నీళ్ళు జారాయి. తల్లి వాటిని తుడవలేదు, చూస్తూ కూర్చుంది.

ఇంత అరాచకాన్ని ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు గదా. మంత్రిగారు చేయవలసిన పని తానే చేసి పదవిని అవమానించిందని అత్తమీద కేసు పెట్టారు. డాక్టరుకు బదిలీ, డ్రైవరుకు సస్పెన్షన్ దక్కాయి. చుక్క నీరు వాడకుండా ఊరంతటి చేత చేతులు కడిగించినందుకు సబ్బుదొరకు ఉత్తమ అధికారి బిరుదు ఇచ్చారు. అంబులెన్సును ఆఫీసు ఆవరణకు తెచ్చి, ఈసారి తెగకుండా రెండు పేటల రిబ్బను కట్టారు. మంత్రివర్యుల తీరిక కోసం అది ఇప్పటికీ అక్కడే ఎదురుచూస్తోంది. ఈ మధ్య గూడెంలో ఇంకో ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళు పద్ధతి తెలిసినవాళ్ళు, ఏ రిబ్బనుకూ హాని తలపెట్టలేదు.

'గూడెం మహిళ దౌర్జన్యం' అన్న శీర్షికతో, రిబ్బను తెగిన మరునాడే పేపర్లో వార్త వచ్చింది. మనందరం చదివాం. ఎంత చేసినా ఇలాంటివాళ్ళు బాగుపడరని నిట్టూర్చి, పేపరు మడిచి, చేతులు దులుపుకున్నాం. మన పరిశుభ్రత అలాంటిది.