మెచ్చుకోలు కౌంటరు

బెల్లాలపేటలో ఐదేళ్ళు నిండాక పుట్టినరోజునాడు ఏ పిల్లాడికైనా వయసు పెరగాలంటే, తల్లో తండ్రో వార్డు ఆఫీసు కౌంటరు ముందు నిలబడి వాణ్ణి నోరారా మెచ్చుకోవాలి. మెచ్చుకుంటే అక్కడికక్కడే ఏడాది పెరుగుతాడు, లేకపోతే ఉన్న వయసులోనే ఉండిపోతాడు. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. రేషన్ బియ్యానికి వేలిముద్ర వెయ్యడం లేదూ, ఇదీ అంతే. ఆఫీసు గేటు బయట ఒక సైజు పెద్ద నిక్కర్లు అమ్మేవాళ్ళు కూడా స్థిరపడిపోయారు.

బెల్లం మార్కెట్లో దిమ్మలు తూకం వేసే పైడిరాజుకి మాత్రం ఈ పని ఎంతకీ చేతకాలేదు. కొడుకు లోహిత్‌కి న్యాయంగా ఈపాటికి ఏడు నిండాలి, ఐదు దగ్గరే ఆగిపోయాడు. ప్రేమ లేక కాదు సుమండీ. గుంటడు తుమ్మితే పైడిరాజు ప్రాణం గిలగిల్లాడిపోతుంది. అయితే కన్నబిడ్డని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమని పెద్దల మాట. అందుకని ఎవర్నైనా పొగడాలనిపిస్తే పక్కింటి పిల్లాణ్ణి పొగడడం ఆ వీధిలో అందరికీ అలవాటు.

మొదటిసారి కౌంటరు దగ్గర "పక్కింటి సుమంత్‌ని సూడండి బాబూ, తెల్లారే లేచి సదువుతాడు" అనేశాడు. ఆఫీసువారు నిబంధన ప్రకారం ఆ ఏడాది సుమంత్‌కి వేశారు. రెండోసారి జాగ్రత్తపడి "మావోడు మంచోడే గానీ..." అన్నాడు. "గానీ" తగిలిన మెచ్చుకోలు చెల్లదు. మూడోసారీ తప్పితే ఉన్న వయసే ఖాయం చేసేస్తారు, ఇక జన్మలో పెరగడు.

ఈ పొరపాటు పైడిరాజు ఒక్కడిదే అయితే బాగుండును. వీధిలో పిల్లలున్న ప్రతి ఇంటివాళ్ళూ సుమంత్ పేరే ఎత్తారు. లోహిత్‌తో పాటు పుట్టిన ఆ పిల్లాడికి ఇప్పుడు యాభై దగ్గరపడ్డాయి. నెత్తి నెరిసింది, బీపీ మాత్రలు మింగుతున్నాడు, రెండో తరగతి ఎక్కాలు మాత్రం గడగడా ఒప్పజెబుతాడు.

ఈసారి లోహిత్ పుట్టినరోజు పొద్దున్నే సుమంత్ తండ్రి సన్యాసినాయుడు పైడిరాజు గడప దగ్గర నిలబడ్డాడు.

"బావా, నీ కాళ్ళు మొక్కుతాను, మావోణ్ణి మెచ్చుకోకు. ఇంకో పదిమంది పొగిడితే నా కొడుక్కి నేను ముసలోళ్ళ పింఛను రాయించాల."

"నాకు మాత్రం సరదా ఏటి బావా? నోటికి అదే వచ్చేస్తంది."

ఆఫీసులో ముందున్నావిడ కూతురికి పాటల పోటీలో కప్పొచ్చిందని చెప్పింది. పిల్ల చక్కగా పెరిగింది, గౌను మోకాళ్ళ పైకి పోయింది. పైడిరాజుకి కప్పుల్లేవు, ర్యాంకుల్లేవు. గుమస్తా త్రినాథరావు కళ్ళద్దాలు సర్దుకుని "చెప్పవయ్యా" అన్నాడు.

"మావోడు..."

నాలిక చివర సుమంత్ పేరు తయారుగా కూర్చుంది. లోహిత్ గోడకి ఆనుకుని, పెరగడానికి వీలుగా చొక్కా గుండీలు విప్పుకుని, తండ్రి నోటికేసే చూస్తున్నాడు. పైడిరాజు వాడి మీంచి కళ్ళు తిప్పకుండా అందుకున్నాడు.

"మావోడు బడికెళ్ళేటప్పుడు పక్కింటి గుంటడి సంచీ కూడా మోస్తాడు బాబూ. ఆడికి మోకాళ్ళ నొప్పులు కదా. మార్కెట్‌కి ఎల్తూ నేను సూసేను. ఆడికి ఆయాసమొస్తే అరుగు మీద కూకోబెట్టి, లేచేదాకా తోడుంటాడు. ఆలీసమయిందని బళ్ళో దెబ్బలు తింటాడు. ఎందుకురా ఆలీసమంటే ఆడి పేరు సెప్పడు. నేనయితే సెప్పేసేవోణ్ణి. నా కడుపున ఇలాటోడు పుడతాడని నేను అనుకోలేదు బాబూ."

గుమస్తా ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. "గానీ?"

"గానీ లేదు బాబూ."

"ఇందులో పక్కింటి పిల్లాడున్నాడు."

"ఉన్నాడు. మెచ్చుకున్నది నా కొడుకునే."

త్రినాథరావు లోపలికెళ్ళి ఆఫీసరుని అడిగొచ్చాడు. ఆఫీసరు భోంచేస్తున్నారట, సరే కానిమ్మన్నారట. ముద్ర దబ్బున పడింది. లోహిత్ ఒళ్ళు విరుచుకుని గోడ మీద నాలుగు వేళ్ళంత పైకి జరిగాడు. ముందు పన్నొకటి ఊడి చేతిలో పడింది.

"అమ్మయ్య, గట్టెక్కాంరా నాయనా!" అని పైడిరాజు అక్కడే నేల మీద చతికిలబడి భోరుమన్నాడు. ఆఫీసులో అది మామూలే గనక ఎవరూ పట్టించుకోలేదు.

బయటికొచ్చి కొడుక్కి జీళ్ళు కొనిపెట్టాడు. గుండెల మీంచి బండ దించినట్టు హాయిగా ఉంది. లోహిత్ ఊడిన పంటి సందులో నాలిక పెట్టుకుంటూ నాలుగడుగులు నడిచి అడిగాడు.

"నాన్నా, ఇందాకటిది మళ్ళీ ఓపాలి అనవా?"

పైడిరాజు నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. కౌంటరు మూసేశారు. అడిగేవాడు లేడు, అనాలన్న నిబంధనా లేదు.

"ఇప్పుడెందుకురా? మళ్ళీ పుట్టినరోజుకి అంటాను కదా."

"సరే," అన్నాడు లోహిత్. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు, చెబితే అర్థం చేసుకునే వయసు. తండ్రి చెయ్యి పట్టుకుని, ఊళ్ళో మిగతా పిల్లలందరిలాగే, ఆ క్షణం నుంచే ఎదురుచూడడం మొదలుపెట్టాడు.